అమెరికా రేవులో రొయ్యల సరుకు: సుంకం కడితే చాలదు, జాడ చూపాలి

విశాఖపట్నం: ఆంధ్ర తీరంలో పండే రొయ్యకు అమెరికా పెద్ద గిరాకీ అన్నది వర్తకులకు విదితమే. 2024-25లో భారతదేశం నుంచి ఎగుమతి అయిన ఫ్రోజెన్ రొయ్యలు 7.41 లక్షల టన్నులు కాగా, అందులో 3.11 లక్షల టన్నులకు పైగా ఆ ఒక్క దేశమే తీసుకున్నది. అక్కడి రేవులో ఒక నిబంధన బిగిస్తే భీమవరం, నెల్లూరు చెరువు గట్ల మీద కౌంటు ధర కదలడానికి కారణం ఇదే. అయినా ఓడ ఎక్కిన సరుకు అవతలి ఒడ్డున ఎవరెవరి చేతులు దాటుతుందో, ఎక్కడ ఆగుతుందో, ఆగితే నష్టం ఎవరి ఖాతాలో పడుతుందో చాలామంది బ్రోకర్లకు, సరుకు కొనే ఏజెంట్లకు స్పష్టంగా తెలియదు. కొనుగోలు ఒప్పందానికి ముందే ఈ లెక్క తెలిసి వుండడం మేలని ఎగుమతి వర్గాలు భావిస్తున్నాయి.

నాలుగు శాఖల తనిఖీ

అమెరికాలో దిగే రొయ్యను ఒక్క కస్టమ్స్ శాఖే చూస్తుందనుకోవడం పొరపాటు. సుంకం వసూలు, రేవులో ప్రవేశ పత్రాలు కస్టమ్స్ పని. తినడానికి యోగ్యమా కాదా అన్నది ఆహార, ఔషధ పరిపాలనా సంస్థ అయిన ఎఫ్.డి.ఏ. తేలుస్తుంది. ఆ రొయ్య ఎక్కడ పెరిగినది, ఎవరి చేతికి మొదట వచ్చినది అన్న జాడ సముద్ర మత్స్య వ్యవహారాలు చూసే ఎన్.ఓ.ఏ.ఏ. అడుగుతుంది. సముద్రపు తాబేళ్లకు హాని లేకుండా పట్టినదా అన్నది ఆ దేశ విదేశాంగ శాఖ చూస్తుంది. అన్ని పత్రాలూ ఇప్పుడు ఒకే కంప్యూటరు కిటికీ గుండా పోతున్నప్పటికీ, నలుగురిలో ఏ ఒక్కరు అభ్యంతరం చెప్పినా సరుకు కదలదు.

ఓడ ఎక్కకముందే

రొయ్యను శుద్ధి చేసి గడ్డకట్టించే ప్రతి ప్లాంటు, నిల్వ చేసే కోల్డ్ స్టోరేజి ఎఫ్.డి.ఏ. వద్ద నమోదై వుండాలి. 2002 నాటి జీవ ఉగ్రవాద నిరోధక చట్టంతో వచ్చిన ఈ షరతును 2011 ఆహార భద్రత ఆధునికీకరణ చట్టం మరింత బిగించినది. ఆ మేరకు సరి సంఖ్య సంవత్సరాలలో, అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి. విదేశీ ప్లాంటుకు అమెరికాలో ఒక ఏజెంటు వుండి తీరాలి. పునరుద్ధరణ మరచిన ప్లాంటు సరుకు ఎంత నాణ్యమైనదైనా రేవులోనే నిలిచిపోతుంది.

రెండవది హెచ్.ఏ.సి.సి.పి., అంటే ప్రమాదం ఎక్కడ రావచ్చునో ముందే గుర్తించి అక్కడే అడ్డుకునే పద్ధతి. చేపలు, రొయ్యలకు ఈ నిబంధన 1997 డిసెంబరు 18 నుంచి అమలులో వున్నది. చెరువు రొయ్య విషయంలో ప్లాంటు చూపవలసిన ప్రధాన ప్రమాదాలు మందుల అవశేషాలు, రోగకారక క్రిములు, సల్ఫైటు, లోహపు ముక్కలు. అవశేషాలను అడ్డుకునే చోటు ప్లాంటు గుమ్మమే. సరుకు దింపుకునేటప్పుడే ఏ చెరువుది, అందులో ఏ మందు వాడారు అన్న పత్రం తీసుకోవడం ఆ పద్ధతిలో భాగం. ఒకసారి గడ్డకట్టిన తరువాత అవశేషాన్ని తీసివేసే యంత్రం ఏదీ లేదు.

దిగుమతిదారు బాధ్యత కూడా తక్కువ కాదు. సరుకుకు వుండవలసిన ప్రమాణాలు రాసిపెట్టుకోవాలి. ప్లాంటు వాటిని పాటిస్తున్నదని తాను నిర్ధారించుకున్నట్టు రుజువు చూపాలి. అందుకు ప్లాంటు హెచ్.ఏ.సి.సి.పి. పత్రం ప్రతి, రాతపూర్వక హామీ తెప్పించుకోవచ్చు. ప్రభుత్వ తనిఖీ సంస్థ ధ్రువపత్రం పొందవచ్చు. లేదా ప్లాంటును స్వయంగా తనిఖీ చేయించవచ్చు. ఈ రికార్డులు ఇంగ్లీషులో వుండాలి. అమెరికా కొనుగోలుదారులు ఇక్కడి ప్లాంటును పదే పదే పత్రాలు అడగడం వెనుక వున్నది అనుమానం కాదు, చట్టం.

మూడవది ఓడ గడువు. అమెరికా వెళ్ళే ఓడలోకి కంటైనరు ఎక్కడానికి 24 గంటల ముందు అమ్మకందారు, కొనుగోలుదారు, తయారీదారు, సరుకు కోడు తదితర వివరాలు దిగుమతిదారు తరఫున కస్టమ్స్‌కు చేరాలి. 2009 జనవరి నుంచి వున్న నిబంధన ఇది. ఆలస్యమైనా, తప్పు వున్నా ఒక్కొక్క ఉల్లంఘనకు 5,000 డాలర్ల వరకు జరిమానా. మధ్యలో వేరే రేవులో ఓడ మారే సరుకుకు గడువు లెక్క ఆ పెద్ద ఓడతోనే మొదలవుతుంది కనుక వివరాలు ఇవ్వడంలో ఇక్కడి ఎగుమతిదారు జాప్యం చేయరాదు.

ఓడ రేవు చేరబోయే ముందు ఎఫ్.డి.ఏ.కు ముందస్తు నోటీసు ఇవ్వాలి. ఓడ సరుకుకు కనీసం 8 గంటలు, విమాన సరుకుకు 4 గంటల ముందు అది చేరాలి. నోటీసు లేని సరుకును రేవులోనే నిలిపివేస్తారు. గిడ్డంగి అద్దె, విద్యుత్ ఖర్చు సరుకుదారుకే పడతాయి.

కోడు, కౌంటు, సుంకం

పచ్చి ఫ్రోజెన్ రొయ్య సాధారణంగా 0306.17 శీర్షిక కిందకు వస్తుంది. ఉడికించిన లేదా మసాలా, పిండి పట్టించిన రొయ్య 1605.21, 1605.29 శీర్షికల కిందకు పోతుంది. పచ్చి సరుకుపై అమెరికా మూల సుంకం లేదు. అంతమాత్రాన సుంకం లేదనుకుంటే లెక్క తప్పుతుంది. అసలు భారం ఇతర పేర్లతో పడుతుంది.

కౌంటు దగ్గర కూడా తికమక వున్నది. మన చెరువు గట్టున కౌంటు అంటే తలతో సహా కిలోకి ఎన్ని అని అర్థం. అమెరికా కౌంటు తల తీసిన రొయ్య పౌనుకు ఎన్ని అన్నది. కిలోకి 40 తూగే రొయ్య ఒక్కొక్కటి 25 గ్రాములు. తల తీస్తే సుమారు 16 గ్రాములు మిగులుతుంది. పౌనుకు 28 వస్తాయి. అంటే అది అక్కడి 26-30 గ్రేడు. ఇన్వాయిసులో గ్రేడు ఒకటి, పెట్టెలో మరొకటి వుంటే నాణ్యతపై తగాదాతో పాటు, కస్టమ్స్ ప్రకటన తప్పన్న అభియోగం కూడా రావచ్చు.

భారత, చైనా, థాయిలాండ్, వియత్నాం, ఈక్వడార్, బ్రెజిల్ రొయ్యలపై 2005 ఫిబ్రవరి 1న అమెరికా యాంటీ డంపింగ్ ఉత్తర్వు జారీ చేసినది. స్వదేశంలోని న్యాయమైన విలువ కంటే తక్కువ ధరకు అమ్ముతున్నారన్నది ఆరోపణ. భారత కంపెనీలలో విడిగా రేటు నిర్ణయం కాని వాటికి అప్పట్లో నిర్ణయించిన రేటు 10.17 శాతం. తరువాతి వార్షిక సమీక్షలలో కంపెనీల రేట్లు మారుతూ వచ్చాయి. దీనికి తోడు, ప్రభుత్వ సబ్సిడీలకు ప్రతిగా విధించే కౌంటర్‌వెయిలింగ్ సుంకం 2024 డిసెంబరులో భారత్, ఈక్వడార్, వియత్నాం రొయ్యలపై ఉత్తర్వు రూపం దాల్చినది. విడిగా పరిశీలించని భారత కంపెనీలకు అప్పుడు తేలిన రేటు 5.77 శాతం. బ్రెడ్ పొడి పట్టించిన రొయ్య, నిర్దిష్ట షరతులకు లోబడి, యాంటీ డంపింగ్ ఉత్తర్వు పరిధిలోకి రాదు. కొన్ని ప్లాంట్లు విలువ పెంచిన సరుకు వైపు మొగ్గడానికి ఇదొక కారణం.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేలిక అవుతుంది. లక్ష డాలర్ల పచ్చి ఫ్రోజెన్ రొయ్య దిగిందనుకుందాం. కస్టమ్స్ సేవా రుసుము 0.3464 శాతం చొప్పున 346 డాలర్ల 40 సెంట్లు. రేవు నిర్వహణ రుసుము 0.125 శాతం చొప్పున 125 డాలర్లు. కౌంటర్‌వెయిలింగ్ 5.77 శాతం అయితే 5,770 డాలర్లు. యాంటీ డంపింగ్ రేటు 4 శాతం అనుకుంటే 4,000 డాలర్లు. వెరసి 10,241 డాలర్ల 40 సెంట్లు. మూల సుంకం లేని సరుకుకు ఇంత భారం.

ధరావతు మాత్రమే, తుది లెక్క కాదు

ఇక్కడే వర్తకులు జాగ్రత్తపడవలసిన అసలు మెలిక వున్నది. సరుకు దిగినప్పుడు కట్టే యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ మొత్తాలు ధరావతు మాత్రమే. ఉత్తర్వు వెలువడిన నెలలో ఏటా సమీక్ష కోరే అవకాశం వుంటుంది. భారత రొయ్యల యాంటీ డంపింగ్ సమీక్షకు సంవత్సరం ఫిబ్రవరి 1న మొదలై జనవరి 31తో ముగుస్తుంది. సమీక్ష తేలే వరకు లెక్క మూతపడదు. పై ఉదాహరణలో 4 శాతం కట్టిన సరుకుకు తుది రేటు 7 శాతం అని తేలితే మరో 3,000 డాలర్లు, దానిపై వడ్డీ చెల్లించాలి. 2 శాతం అని తేలితే 2,000 డాలర్లు వడ్డీతో తిరిగి వస్తాయి. అప్పటికి ఆ సరుకు అమ్ముడై, తిని, మరచిపోయి చాలాకాలం అయి వుంటుంది.

ఈ భారం చట్టరీత్యా దిగుమతిదారుది. యాంటీ డంపింగ్ సుంకాన్ని ఎగుమతిదారు తిరిగి భరిస్తానని ఒప్పుకుంటే, ఆ మొత్తాన్ని సరుకు ఎగుమతి ధర నుంచి తగ్గించి లెక్కవేస్తారు. దాంతో డంపింగ్ తేడా మరింత పెరుగుతుంది. అటువంటి ఒప్పందం లేదని దిగుమతిదారు ధ్రువపత్రం దాఖలు చేయాలి. చేయకపోతే తిరిగి భరించినట్టే భావించి సుంకాన్ని రెట్టింపు చేసే అవకాశం వున్నది. కనుక 'సుంకం పెరిగితే సగం మేము చూసుకుంటాము' అని టెలిఫోనులో ఇచ్చే మాట చిక్కులకు దారితీస్తుంది.

కొందరు ఎగుమతిదారులు సుంకం చెల్లించి కొనుగోలుదారు గిడ్డంగికి చేర్చే షరతుపై అమ్ముతున్నారు. తామే దిగుమతిదారుగా నమోదై అమ్మే ఎగుమతిదారుకు ధర మెరుగ్గా కనిపించవచ్చు. కాని ధరావతు, హామీపత్రం, రెండేళ్ల తరువాత వచ్చే తుది లెక్క అన్నీ అతని నెత్తినే పడతాయి. కస్టమ్స్ హామీపత్రం సాధారణంగా గత 12 నెలల సుంకాలు, రుసుములలో 10 శాతం చొప్పున, కనీసం 50,000 డాలర్లకు వుండాలి. సుంకం పెరిగితే హామీ మొత్తం కూడా పెరుగుతుంది. పూర్వం అమెరికా రొయ్యల దిగుమతిదారుల నుంచి అదనపు హామీ కోరగా, భారతదేశం ప్రపంచ వాణిజ్య సంస్థలో సవాలు చేసి 2008లో అనుకూల తీర్పు పొందిన సంగతి పాతతరం ఎగుమతిదారులకు గుర్తే.

తేదీయే ధర

అత్యవసర సుంకాల అనుభవం 2025లో అందరికీ తెలిసి వచ్చినది. ఆగస్టు 7 నుంచి భారత సరుకుపై 25 శాతం, ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం అదనపు సుంకం అమెరికా విధించినది. పై ఉదాహరణకు వర్తింపజేస్తే లక్ష డాలర్ల సరుకుపై భారం 60,241 డాలర్లకు చేరినదన్నమాట. రెండవ 25 శాతం విషయంలో ఆగస్టు 27కు ముందే ఓడ ఎక్కి, సెప్టెంబరు 17కు ముందు అక్కడ ప్రవేశ పత్రం పడిన సరుకుకు మినహాయింపు ఇచ్చారు. ఆంధ్ర రేవుల నుంచి అమెరికా తీరానికి నెల రోజులకు పైబడి ప్రయాణం. అందువల్ల ఆగస్టు మూడవ వారంలో హడావుడిగా ఎక్కించిన సరుకులో చాలా భాగానికి ఆ మినహాయింపు అందుబాటులో లేకపోయినది. ఇటువంటి సుంకాలు ఒప్పందాలతో, కోర్టు తీర్పులతో, కొత్త ఉత్తర్వులతో మారుతుంటాయి. కనుక ఒప్పందం నాటి రేటు కాదు, సరుకు ప్రవేశించే నాటి రేటే లెక్క. సుంకం మారితే తేడా ఎవరిదన్నది ఒప్పందంలో రాతపూర్వకంగా వుండాలి.

మందుల జాడ

సుంకం లాభాన్ని తగ్గిస్తుంది. అవశేషం సరుకునే పోగొడుతుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులు ఆహార జంతువులకు వాడరాదని అమెరికా నిషేధించినది. ఇంత వరకు వుండవచ్చునన్న పరిమితి లేదు. పరికరం పట్టగలిగినంత కనిపిస్తే చాలు, సరుకు కల్తీ కిందే లెక్క. ఐరోపా సంఘం 2022 నవంబరు నుంచి చర్యకు తీసుకునే స్థాయిని క్లోరాంఫెనికాల్‌కు కిలోకి 0.15 మైక్రోగ్రాము, నైట్రోఫ్యూరాన్ అవశేషాలకు 0.5 మైక్రోగ్రాముకు దించినది. 0.5 మైక్రోగ్రాము అంటే రెండు వేల టన్నుల రొయ్యలో ఒక గ్రాము. నైట్రోఫ్యూరాన్ మందు శరీరంలో త్వరగా కరిగిపోయినా, దాని అవశేషాలు కండకు అంటుకుని నిలుస్తాయి. వంట వేడికి, గడ్డకట్టించే చలికి అవి పోవు. పట్టుబడికి వారం ముందు మందు ఆపాము కదా అన్న వాదన ఇక్కడ చెల్లదు.

ఒక 40 అడుగుల కంటైనరులో సుమారు 17, 18 టన్నుల సరుకు పడుతుంది. కంటైనరు నింపడానికి పలు చెరువుల సరుకు కలపడం సాధారణం. వాటిలో ఒక్క చెరువుది చెడ్డదైతే ఆ లాటు మొత్తం చెడ్డదే. మంచి రైతు సరుకు సైతం దానితో పోతుంది. అందువలన కొనేముందు చెరువు నమూనా పరీక్ష అవసరం. ఎంపెడా ప్రయోగశాలల్లో ఎలైజా పద్ధతిలో జరిగే పట్టుబడి ముందరి పరీక్ష ఇందుకే ఏర్పడినది. పరీక్ష ఖర్చు కంటైనరు విలువతో పోల్చితే లెక్కలోకి రానిది.

మరొక ప్రమాదం సాల్మొనెల్లా క్రిమి. పచ్చి రొయ్యే కదా, వండుకుని తింటారన్న మాటను ఎఫ్.డి.ఏ. అంగీకరించదు. కనిపిస్తే తిరస్కారమే. చెరువు నీరు, కలుషితమైన ఐసు, పీలింగ్ షెడ్డులో చేతుల శుభ్రత లేకపోవడం దీనికి మూలాలు.

ఎర్ర జాబితా

ఎఫ్.డి.ఏ. ప్రతి పెట్టెనూ విప్పి చూడదు. దేశం, ప్లాంటు, సరుకు పూర్వ చరిత్ర బట్టి కంప్యూటరు ప్రమాద స్థాయిని లెక్కగట్టి, దేనిని ఆపాలో చెబుతుంది. ఒకసారి అవశేషం దొరికితే ఆ ప్లాంటు పేరు 'దిగుమతి హెచ్చరిక' జాబితాకు ఎక్కవచ్చు. నైట్రోఫ్యూరాన్‌కు 16-129, క్లోరాంఫెనికాల్‌కు 16-127, అనుమతి లేని ఇతర చెరువు మందులకు 16-124, సాల్మొనెల్లాకు 16-81 నంబర్ల హెచ్చరికలు వున్నాయి. ఆ జాబితాకెక్కిన ప్లాంటు సరుకును నమూనా తీయకుండానే నిలిపివేస్తారు. సరుకు మంచిదని రుజువు చేయడం దిగుమతిదారు పని. ప్రైవేటు ప్రయోగశాల ఖర్చు, శీతల గిడ్డంగి అద్దె, ఆలస్యం అన్నీ అతనివే. చివరకు అవి ప్లాంటుకు ఇచ్చే ధరలోంచి తగ్గుతాయి.

బయటపడడానికి సాధారణంగా వరుసగా కనీసం 5 వాణిజ్య సరుకులు లోపం లేకుండా తేలాలి. దానితో పాటు తప్పు ఎందుకు జరిగినది, మళ్ళీ జరగకుండా ఏమి చేశారు అన్న వివరణ ఇచ్చి ఒప్పించాలి. ఒక్కొక్క సరుకుకు నెల రోజుల ప్రయాణం, ఆపై పరీక్షల కాలం కలిపితే, పేరు తొలగడానికి సీజను గడిచిపోవడం సహజం.

హెచ్చరిక ఒక ప్లాంటుతోనే ఆగాలని నియమం లేదు. 2007 జూన్‌లో చైనా చెరువు రొయ్యలు, కొన్ని చేపలపై దేశం మొత్తానికి వర్తించే హెచ్చరిక వచ్చినది. 2016 ఏప్రిల్‌లో మలేసియా ద్వీపకల్పం రొయ్యలకు అదే జరిగినది. 2025 ఆగస్టులో ఇండొనేషియా రొయ్యలలో సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం బయటపడినది. ఒక నమూనాలో కనిపించినది కిలోకి సుమారు 68 బెకరెల్. ఎఫ్.డి.ఏ. జోక్యం చేసుకునే స్థాయి 1,200 కాగా, ఇది దానికి ఎంతో తక్కువ. అయినా సరుకు దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. అక్టోబరు 31 నుంచి జావా, లాంపుంగ్ ప్రాంతాల రొయ్యలకు ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. ఒక ప్లాంటు పొరపాటుకు ప్రాంతమంతా మూల్యం చెల్లించడం ఇట్లా జరుగుతుంది.

తాబేలు పత్రం, చెరువు చిరునామా

1989 నాటి అమెరికా చట్టంలోని 609వ సెక్షను ప్రకారం తాబేళ్లకు హాని కలిగించే వలలతో పట్టిన సముద్రపు రొయ్యను అనుమతించరు. భారతదేశం, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ దీనిని ప్రపంచ వాణిజ్య సంస్థ ముందు సవాలు చేయగా 1998లో తీర్పు వచ్చినది. అమలు తీరు వివక్షతో వున్నదని తీర్పు చెప్పినా, చట్టం మాత్రం నిలిచినది. ఇప్పటికీ ప్రతి రొయ్యల సరుకుతో డి.ఎస్.-2031 పత్రం వుండాలి. చెరువు రొయ్యకు తాబేలు షరతు లేదు. కాని పట్టుబడికి ముందు కనీసం 30 రోజులు చెరువులో పెరిగినదై వుండాలి. చెరువు సరుకులో సముద్రపు రొయ్య కలిపి గ్రేడు సరిచేసే అలవాటు ఎవరికైనా వుంటే, ఆ పత్రం అబద్ధమవుతుంది.

2018 డిసెంబరు 31 నుంచి రొయ్యలు ఎన్.ఓ.ఏ.ఏ. సముద్రాహార దిగుమతి పర్యవేక్షణ పథకంలోకి వచ్చాయి. జాతి కోడు, చెరువు వివరాలు, పట్టుబడి తేదీ, పరిమాణం, మొదట అందుకున్న వారి పేరు దిగుమతిదారు దాఖలు చేయాలి. వనామికి పి.ఎన్.వి., టైగరుకు జి.ఐ.టి. కోడు. దిగుమతిదారుకు అనుమతిపత్రం వుండాలి. చెరువు నుంచి రేవు వరకు చేతులు మారిన రికార్డులు రెండేళ్లు దాచాలి. ఒకే రోజు ఒకే చోటికి 1,000 కిలోలకు మించకుండా సరుకు తెచ్చే చిన్న చెరువుల విషయంలో కలిపి చూపే వెసులుబాటు వున్నది. సరుకు మొదట అందుకునేది తరచు ఏజెంటే కనుక, అతని పుస్తకమే ఈ గొలుసులో మొదటి లింకు. చీటీ లేకుండా రాత్రికి రాత్రి చేతులు మారే సరుకు ఈ పద్ధతిలో ఇమడదు.

లేబులు, తూకం, సల్ఫైటు

నల్లమచ్చ రాకుండా వాడే మెటాబైసల్ఫైటు అవశేషం 10 పి.పి.ఎం. లేదా అంతకు మించితే లేబులుపై ప్రకటించాలి. ఉబ్బసం రోగులకు అది ప్రాణాపాయం కావచ్చు. ప్రకటించని సల్ఫైటు తిరస్కారానికి కారణమవుతుంది. రొయ్య ఎలర్జీ కలిగించే ఆహారాలలో ఒకటి కనుక ఆ మాట కూడా లేబులుపై స్పష్టంగా వుండాలి. నికర బరువులో పైన పట్టిన మంచు పొరను కలపరాదు. పుట్టిన దేశం పేరు తప్పనిసరి. చిల్లర దుకాణంలో అమ్మే పచ్చి సరుకుపై చెరువుదా, సముద్రానిదా అన్నది కూడా తెలపాలి. ఈ నిబంధన 2005 నుంచి వున్నది.

తిరస్కరిస్తే

అభ్యంతరం వస్తే దిగుమతిదారుకు నోటీసు వస్తుంది. చూపిన గడువులో పరీక్షా ఫలితాలు, వివరణ ఇవ్వవచ్చు. లేబులు లోపం వంటివి అయితే అనుమతితో సరిచేసుకోవచ్చు. నిషిద్ధ మందు అవశేషానికి ఆ దారి లేదు. తిరస్కరించిన సరుకును 90 రోజుల్లో వెనక్కి తీసుకుపోవాలి లేదా నాశనం చేయాలి. అప్పగించమన్న సరుకును అప్పటికే అమ్మివేస్తే హామీపత్రం మీద సరుకు విలువకు మూడు రెట్ల వరకు వసూలు చేయవచ్చు. వెనక్కి వచ్చిన సరుకుకు రానుపోను ఓడ కిరాయి పోగా మిగిలేది స్వల్పం.

ఇతర మార్కెట్లు

అమెరికాలో చిక్కు వస్తే ఐరోపాకు మళ్ళిద్దామన్న మాట తరచు వినిపిస్తున్నది. అక్కడ దారి మరింత ఇరుకు. ఐరోపా ఆమోదించిన జాబితాలో ప్లాంటు వుండాలి. ఎగుమతి తనిఖీ సంస్థ ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. భారత చెరువు రొయ్యల సరుకులో సరిహద్దు వద్ద పరీక్షించవలసిన వాటాను 2016 అక్టోబరులో 10 నుంచి 50 శాతానికి పెంచారు. పి.పి.ఎం. లెక్కన సల్ఫైటు పరిమితి కూడా కౌంటును బట్టి మారుతుంది. కిలోకి 80 వరకు తూగే రొయ్యకు అది 150.

జపాన్ అనుభవం మరో పాఠం నేర్పినది. 2012లో ఎథాక్సిక్విన్ అవశేషంపై ఆ దేశం 0.01 పి.పి.ఎం. పరిమితి అమలుచేసి భారత రొయ్యలకు పరీక్ష తప్పనిసరి చేసినది. అది రైతు వేసిన మందు కాదు. మేతలో చేపపొడి చెడకుండా కలిపేది. 2014లో పరిమితిని 0.2కు సడలించిన తరువాతే ఊరట కలిగినది. కనుక మేత బస్తా మీది వివరాలు సైతం ఎగుమతి పత్రాలలో భాగమే.

గట్టు వరకు వచ్చే లెక్క

నిబంధనల సారాంశం చూస్తే, అమెరికా రేవులో అడిగే ప్రశ్నలలో సగానికి పైగా జవాబు చెరువు గట్టునే వున్నది. ఏ మందు, ఏ మేత, ఏ తేదీ, ఎవరు కొన్నారు, ఎక్కడ కలిపారు అన్నవి ఇక్కడ రాయకపోతే అక్కడ ఎవరూ రాయలేరు. పరీక్ష పత్రం వున్న చెరువు సరుకుకు, లేని సరుకుకు ఒకే ధర పలికినంత కాలం మంచి రైతుకు ప్రోత్సాహం లేదు. ఈ తేడాను ధరలో చూపగలిగినవారు బ్రోకర్లు, ఏజెంట్లే.

ఎగుమతిదారులకు సంబంధించి ముఖ్యమైనవి మూడు. ప్లాంటు రిజిస్ట్రేషను గడువు చూసుకోవడం, సుంకం తేడా ఎవరిదన్నది ఒప్పందంలో రాసుకోవడం, తుది సమీక్షకు కొంత మొత్తం విడిగా నిల్వ వుంచడం. దేశాల మధ్య సుంకాలు నేడు హెచ్చవచ్చు, రేపు తగ్గవచ్చు. అవశేషాల నిబంధనలలో మాత్రం ఇంతవరకు కనిపిస్తున్న ధోరణి బిగింపే. సుంకం తగ్గిన రోజున ముందుగా లాభపడేది, జాబితాలో పేరు ఎక్కని ప్లాంటు, దానికి సరుకు ఇచ్చే చెరువు.